కోనసముద్రం మూసలు: ఇనుము కరిగించిన పల్లె

రెండు వందల ఏళ్ల కిందట ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి ఒక వ్యాపారి తెలంగాణ పల్లెకు వచ్చి మకాం వేశాడు. ఆ ఊరు ఇప్పటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని కోనసముద్రం. ఆయన్ను అంత దూరం రప్పించినవి అక్కడి కమ్మరులు మూసల్లో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రల్లో, తీసే ఉక్కు ముద్దలు. ఆ వ్యాపారినీ, ఆ కొలిమినీ చూసి రాసినవాడు హెన్రీ వాయ్‌సీ. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో ఆయన వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త. 1824లోనే ఆయన చనిపోయాడు. వ్యాసం మాత్రం 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది.

అసలు ఇనుమును కరిగించడమే మహా కష్టం.

ఘనలోహంలో పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని బారులు తీరి ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఉన్నచోటే ఊగుతాయి. ఆ ఊపు, పక్క పరమాణువుకున్న దూరంలో సుమారు పదో వంతుకు చేరితే బారు చెదిరిపోతుంది. 1910లో భౌతిక శాస్త్రవేత్త లిండెమన్ ఎత్తుకున్న ఆలోచనను తర్వాతివారు సవరించగా తేలిన ఉజ్జాయింపు ఇది. పట్టు ఎంత బలమైతే అంత వేడి కావాలి. పాదరసం తన బయటి ఎలక్ట్రాన్లను పొరుగువాటికి పెద్దగా పంచదు, అందుకే సున్నాకు 39 డిగ్రీలు కిందనే కరిగిపోతుంది. సీసానికి 327 డిగ్రీలు చాలు, రాగికి 1085 కావాలి. ఇనుములో బయటి ఎలక్ట్రాన్లతో పాటు వాటి లోపలి వరుసవి కూడా బంధంలో చేరతాయి. దాన్ని కరిగించాలంటే 1538 డిగ్రీలు!

తిత్తులు ఊది బొగ్గు మండించే కొలిమికి అది అందని మాట. అందుకే చైనాను పక్కన పెడితే, ప్రాచీన ప్రపంచంలో చాలాచోట్ల ఇనుము ద్రవంగా చేతికి రాలేదు. ఖనిజాన్ని బొగ్గుతో కాలిస్తే చిట్టెం (ఖనిజపు మడ్డి) కలిసిన మెత్తని ముద్ద దిగేది. దాన్ని పదే పదే ఎర్రగా కాల్చి, సుత్తితో బాది చిట్టెం వదిలించేవారు. ఎంత బాదినా కొంత లోపలే మిగిలేది.

మరి మూసలో ఇనుము కరిగిందంటే, ఆ మర్మం కర్బనం. దాని చిన్న పరమాణువులు ఘన ఇనుపబారుల మధ్య ఇరుక్కుని కూర్చోవాలి, ద్రవంలో అయితే వాటికి చోటు సులువు. కాబట్టి కర్బనం చేరిన కొద్దీ ద్రవరూపానిదే పైచేయి అవుతుంది, కరిగే వేడి దిగివస్తుంది. నూటికి ఒకటిన్నర పాళ్లు చేరితే సుమారు 1400 డిగ్రీలకే పూర్తిగా కరుగుతుంది. సేలం వైపు కమ్మరులు ఇందుకోసం ఇనుముతో పాటు తంగేడు కట్టె, జిల్లేడు ఆకు మూసలో పెట్టి మూత బిగించేవారు. కోనసముద్రం వారి దారి వేరు. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లుగా కలిపి, 24 గంటలు మంట నిలిపేవారని వాయ్‌సీ రాశాడు. వాటిలో ఒకటి అయస్కాంతపు ఇసుక నుంచి తీసినది. చల్లారిన ముద్ద మరీ పెళుసుగా ఉండేది కనుక మట్టి పూసి మళ్లీ మళ్లీ కొలిమిలో కాచేవారు.

లోపల ఇనుము కరగాలి, దాన్ని మోసే మట్టి మాత్రం కరగకూడదు. ఈ రెండింటి మధ్య ఎడం చాలా తక్కువ. దక్కన్ కమ్మరులు మూసమట్టిలో వరి ఊక దండిగా కలిపేవారు. ఊక కాలితే మిగిలేవి సిలికా, కర్బనం. సిలికాన్, ఆక్సిజన్‌ల బంధం ఎంత గట్టిదంటే సిలికా కరగడానికి 1700 డిగ్రీలు దాటాలి. కోనసముద్రం ఘనత ఉక్కులో ఎంత ఉందో ఈ మట్టిలోనూ అంతే ఉంది. మూసను విడిచి కత్తిని మాత్రమే మెచ్చుకోవడం అన్యాయం.

డమాస్కస్ కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని పదిహేడో శతాబ్దంలోనే ఫ్రెంచ్ యాత్రికుడు టావెర్నియే రాశాడు. 1722లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త రేమూర్, కైరో మీదుగా వచ్చిన భారతీయ ఉక్కును పారిస్ కమ్మరులకిస్తే ఎవరూ సాగగొట్టలేకపోయారు. వారి చేతులు తక్కువ కర్బనం ఉన్న ఇనుముకు అలవాటుపడినవి. దానిలాగే దీన్నీ తెల్లగా కాలిస్తే రేణువుల అంచులు ముందే కరిగి, సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ మూసలో ఉక్కు కరిగించింది 1740 ప్రాంతంలో. కమ్మరి కొడుకైన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1820 నాటికి, కత్తులు చేసే స్టోడార్ట్‌తో కలిసి ఈ భారతీయ ఉక్కు మీదే ప్రయోగాలు చేస్తున్నాడు.

2010లో భారత, బ్రిటన్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి చిట్టెపు దిబ్బలు, మూసపెంకులు నమోదు చేశారు. నిజామాబాద్, జగిత్యాల వైపు పొలం దున్నేటప్పుడు ఒకవైపు గాజులా మెరిసే నల్లని పెంకు దొరికితే గట్టు మీద పారేయకండి, పురావస్తు శాఖకు కబురు చేయండి.