ఆస్తి పన్ను రాయితీలు ఎవరికి? జాలరిపేట నుంచి 14వ అధికరణం దాకా

విశాఖ తీరంలో లాసన్స్ బే కాలనీ పక్కనే పెద జాలరిపేట ఉంటుంది. ఒకవైపు అపార్టుమెంట్లు, మరోవైపు వేటకు వెళ్లే కుటుంబాల ఇరుకిళ్లు. జాలరులు రాష్ట్ర బీసీ జాబితాలో ‘ఏ’ గ్రూపులో ఉన్నారు. కాలనీలో భూమి ధర పెరిగితే పక్కనున్న పేట భూమి విలువ కూడా ప్రభుత్వ లెక్కల్లో పెరుగుతుంది. పేట ఆదాయం మాత్రం వలలో పడే చేపను బట్టే ఉంటుంది. ఇంటి యజమానులకు ఆస్తి పన్నులో ఇచ్చే రాయితీలు ఈ తేడాను చూస్తున్నాయా? చూడకపోతే రాజ్యాంగం ఏమంటుంది? నగరాల్లోని దళిత వాడలకూ, రెల్లి వీధులకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

పన్ను లెక్క ఎలా మారింది

భూములు, భవనాలపై పన్ను రాష్ట్ర జాబితాలో 49వ అంశం. ఆ పన్ను వసూలు చేసే అధికారాన్ని రాష్ట్రం చట్టం ద్వారా మున్సిపాలిటీలకు ఇవ్వవచ్చని 243-ఎక్స్ అధికరణం చెబుతుంది.

2020 దాకా ఆంధ్రప్రదేశ్‌లో పన్నుకు వార్షిక అద్దె విలువే ఆధారం. మున్సిపాలిటీల్లో యజమాని స్వయంగా కాపురం ఉంటున్న ఇంటికి, కట్టడం వయసును బట్టి వచ్చే తగ్గింపుతో కలిపి, 40 శాతం రాయితీ ఉండేది. 2020 సవరణ చట్టం, ఆ ఏడాది నవంబరులో వచ్చిన జీవోలు మూలధన విలువను ఆధారం చేశాయి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం లెక్క ప్రకారం స్థలం విలువ, దానికి తరుగు తీసేసిన కట్టడం విలువ కలిపితే మూలధన విలువ. నివాస గృహాలకు దాని మీద 0.10 నుంచి 0.50 శాతం వరకు పన్ను. 2021లో విశాఖలో నివాసుల సంఘాలు, వామపక్షాలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి.

ఈ పద్ధతిలో రెండు ఊరటలున్నాయి. 375 చదరపు అడుగులు మించని ఇంటికి ఏడాదికి 50 రూపాయలే పన్ను. ఇప్పటికే పన్ను కడుతున్న ఇంటికి పెంపు ఏడాదికి 15 శాతం దాటకూడదు.

ఊరటలోనే ఉన్న తేడా

రెండో ఊరటను ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. పక్కపక్కనే ఒకే విలువ ఉన్న రెండు ఇళ్లు. ఒక్కొక్కటి 20 లక్షలు. పన్ను 0.15 శాతం అనుకుంటే 3,000 రూపాయలు. మొదటి ఇల్లు ఏనాటి నుంచో రిజిస్టరులో ఉంది, పాత పన్ను 1,000. పరిమితి వల్ల దాని మీద మొదటి ఏడాది 1,150 మాత్రమే పడుతుంది. విలువ మారకపోతే అది 3,000కు చేరేది ఎనిమిదో ఏట. రెండో ఇల్లు ఇప్పుడే రిజిస్టరులోకి వచ్చింది. పాత పన్ను లేదు కాబట్టి పరిమితీ లేదు, మొదటి ఏడాదే 3,000.

రిజిస్టరులోకి ఆలస్యంగా వచ్చేది ఎవరు? కాగితాలు లేనివాళ్లు, పోరంబోకులో గుడిసె వేసుకుని తర్వాత పక్కా ఇల్లు కట్టుకున్నవాళ్లు. వీళ్ల మీద మరో బరువు కూడా ఉంది. ప్లాను అనుమతి లేకుండా కట్టిన ఇంటికి పన్నుతో పాటు దానికి 100 శాతం వరకు జరిమానా వేయవచ్చు. పట్టా లేని స్థలానికి ప్లాను రాదు.

డీ-పట్టా భూముల చిక్కు వేరు. 1977 అసైన్డ్ భూముల చట్టం వాటి బదిలీని నిషేధించింది. తర్వాతి సవరణలు కొంత సడలించినా, స్వేచ్ఛగా అమ్ముకోలేని స్థలానికి అమ్మకపు విలువ కట్టి పన్ను వేయడం న్యాయమేనా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

మొదటి ఊరటకూ హద్దుంది. కొడుక్కి పెళ్లయి పైన ఒక గది వేస్తే ఇల్లు 375 అడుగులు దాటుతుంది. అందులో ఎన్ని కుటుంబాలున్నాయో చదరపు అడుగుల లెక్క అడగదు.

కోర్టులు ఏమన్నాయి

కె.టి. మూపిల్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు తిరువాన్కూర్-కొచ్చిన్ భూమి పన్ను చట్టాన్ని కొట్టేసింది. భూమి సారంతో, ఆదాయంతో పని లేకుండా ఎకరాకు రెండు రూపాయల చొప్పున వేసిన పన్ను అది. అసమానులను సమానంగా చూడడమూ 14వ అధికరణానికి విరుద్ధమే అన్నది ఆ తీర్పు సారం. కోర్టుకెక్కింది భూస్వామే అయినా, ఆ సూత్రం భూమి లేనివారికీ పనికొస్తుంది. హాజీ కుట్టి నహా కేసులో 1961 కేరళ భవన పన్ను చట్టం కూడా నిలవలేదు. కట్టడం ఎక్కడుంది, దేనికి వాడుతున్నారు అన్నవి వదిలేసి, నేల విస్తీర్ణం ఒక్కటే చూడడం దాని లోపం.

ముంబయి మూలధన విలువ నియమాల్లో 20, 21, 22లు చెల్లవన్న హైకోర్టు తీర్పును 2022 నవంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. స్థలంలో ఇంకా కట్టని నిర్మాణానికి కూడా విలువ కట్టే అంశం అందులో ఉంది. ఉన్న ఆస్తిని ఉన్నట్టుగానే లెక్కించాలన్న ఈ వాదన డీ-పట్టా ఇళ్లకు దగ్గరిది.

ఎదురు తీర్పులనూ చదవాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రతిపాదన 13 పాత యజమానుల ఇంటి విలువ పెంపును ఏడాదికి రెండు శాతానికి కట్టేసింది. కొత్తగా ఇల్లు కొన్న స్టెఫానీ నార్డ్‌లింగర్ అలాంటి పాత ఇళ్లవాళ్ల కంటే దాదాపు ఐదు రెట్లు కట్టాల్సి వచ్చింది. ఆమె సవాలును అక్కడి సుప్రీంకోర్టు 1992లో 8-1 తేడాతో తిరస్కరించింది. పాత యజమానులను కాపాడడం సహేతుక కారణమే అంది. మన కోర్టులు కూడా పన్ను వర్గీకరణలో ప్రభుత్వానికి చాలా వెసులుబాటు ఇస్తాయి. కాబట్టి అన్యాయం అంటే చాలదు. వర్గీకరణకూ చట్టం లక్ష్యానికీ పొంతన లేదని లెక్కలతో చూపాలి.

అడగాల్సినవి

ఆ లెక్కలు సమాచార హక్కు దరఖాస్తుతో మొదలవుతాయి. వార్డులో 50 రూపాయల పన్ను ఎన్ని ఇళ్లకు ఇచ్చారు? కొత్తగా నమోదైన ఇళ్లు ఎన్ని, వాటిలో జరిమానా పడినవి ఎన్ని? డీ-పట్టా స్థలాలకు ఏ విలువ కట్టారు? పన్ను రసీదు యాజమాన్య హక్కు ఇవ్వదు. అయినా ఇళ్లు ఖాళీ చేయించడానికి వచ్చిన రోజున అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్నామని చూపే కాగితాల్లో అదొకటి. దాన్ని దాచుకోమని పేటలో ప్రతి ఇంటికీ చెప్పాలి.

ఎస్సీ, బీసీల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు 15(4) దారి ఇస్తోంది. బలహీన వర్గాల ఆర్థిక ప్రయోజనాలను కాపాడాలని 46వ అధికరణం ఆదేశిస్తోంది. మొదటిసారి నమోదయ్యే పేదల ఇళ్లకూ పెంపు పరిమితిలాంటి రక్షణ, పట్టా లేని వాడల్లో జరిమానా మినహాయింపు: ఈ రెండూ రాజ్యాంగం లోపల నిలిచే డిమాండ్లే.