రెండిళ్ల మధ్య కాన్పు: ప్రసూతి సాయం లెక్కకెక్కని తల్లిగారిల్లు

ప్రసూతి సాయం మీద తెలుగులో వస్తున్న వ్యాసాలు కొన్నేళ్లుగా ఒకే బాటన నడుస్తున్నాయి. 2013 ఆహార భద్రతా చట్టం నాలుగో సెక్షన్ ప్రభుత్వోద్యోగులు వంటివారు మినహా ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు హామీ ఇచ్చింది. 2017 నుంచి అమలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన దాన్ని తొలి బిడ్డకు, అదీ 5,000కు కుదించింది. ఆధార్ చిక్కులు, దరఖాస్తు పేజీలు మిగిలిన హక్కును నమిలేశాయి. ఈ వాదానికి మూలస్తంభం పరిశోధకులు జీన్ డ్రేజ్, రీతికా ఖేరా, అన్మోల్ సోమంచిల రచనలు, వాటికి ఆధారమైన 2019 నాటి జచ్చా-బచ్చా (బాలింత-బిడ్డ) సర్వే. అది జరిగింది ఛత్తీస్‌గఢ్, హిమాచల్‌ప్రదేశ్, జార్ఖండ్, మధ్యప్రదేశ్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌లలో. తెలుగు పల్లె ఒక్కటీ అందులో లేదు. అయినా మన విశ్వవిద్యాలయాల్లో ఆ నిర్ధారణలను మన పల్లెలకు యథాతథంగా అంటగడుతున్నారు.

డబ్బు తగ్గిందన్న వారి విమర్శతో నాకు పేచీ లేదు. ఆ మాటకొస్తే మన దగ్గర తరుగు ఇంకాస్త ఎక్కువే. ఆసుపత్రి ప్రసవానికిచ్చే జననీ సురక్ష యోజన సొమ్ముతో కలిపి సగటున 6,000 అవుతుందని కేంద్రం సమర్థించుకుంది. కానీ ఆసుపత్రి ప్రసవాల్లో మెరుగైన రాష్ట్రాల జాబితాలో ఉన్నందుకు తెలుగు పల్లెల పేద తల్లికి ఆ పద్దు కింద వచ్చేది 700 రూపాయలే. మాతృ వందన అమలైన ఆంధ్రప్రదేశ్‌లో రెండూ కలిపినా 5,700 దాటదు. నా పేచీ మరోచోట ఉంది. ఎంత ఇచ్చారు, ఏ కాగితం అడిగారు అన్న ప్రశ్నల చుట్టూ తిరిగిన ఈ పండితులు, కాన్పు ఏ ఇంటి ఖర్చు అన్న ప్రశ్నను తమ విశ్లేషణకు కేంద్రం చేసుకోలేదు.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో పత్తి ఏరే, నాట్లు వేసే ఆడకూలీలతో మాట్లాడుతున్నప్పుడు ఈ ప్రశ్న మొలకెత్తింది. తొలి కాన్పుకు ఎంతయిందని అడిగితే చాలామంది తమ తల్లినో అన్ననో అడగమన్నారు. రెండో కాన్పు లెక్క మాత్రం వేళ్ల మీద చెప్పారు: స్కానింగుకు ఇంత, ఆటోకు ఇంత, కూలికి పోని రోజులు ఇన్ని, దుకాణంలో ఖాతా ఇంత. తొలి చూలును తల్లిగారింటికి తీసుకుపోవడం, పురుడు అక్కడే పోయడం, బాలింతకు పథ్యం నుంచి బిడ్డ తొట్టెల దాకా పుట్టింటివారే చూసుకోవడం ఇప్పటికీ కూలి కుటుంబాల్లోనూ తప్పని ఆచారం. రెండో కాన్పు నాటికి ఆ బాధ్యత చాలావరకు అత్తగారింటి మీద, అంటే ఆచరణలో ఆమె రెక్కల మీద పడుతుంది. చంకలో ఒక బిడ్డ, కడుపులో మరో బిడ్డ, చేలో పని. మాతృ వందన నియమం చేయి వెనక్కి తీసుకున్నది సరిగ్గా ఇలాంటి కాన్పు దగ్గరే.

తొలి బిడ్డ విషయంలోనైనా సొమ్ము సకాలంలో అందుతుందా? పథకం క్యాలెండర్‌ను, తెలుగింటి క్యాలెండర్‌ను పక్కపక్కన పెట్టి చూడాలి. 2022 దాకా నడిచిన 2017 నిబంధనల ప్రకారం తొలి విడత 1,000కి గర్భం నమోదు కావలసి ఉండేది. ఆ సమయానికి ఆమె అత్తగారింట్లో ఉంటుంది. అక్కడి అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరులో పేరెక్కుతుంది. ఆరు నెలలు నిండాక రెండో విడత 2,000. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో, బేసి నెల చూసుకుని, ఆమె పుట్టింటికి తరలిపోయే కాలమది. మూడో విడతకు జనన నమోదు, పద్నాలుగు వారాల టీకాలు కావలసి వచ్చేవి. జననం నమోదయ్యేది పుట్టింటి వైపు ఆసుపత్రి పరిధిలో. పద్నాలుగు వారాలంటే మూడు నెలల పైచిలుకు. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డలను అత్తగారింటికి సాగనంపే వేళ సరిగ్గా అదే. రెండు ఊళ్ల ఆశా కార్యకర్తల నడుమ ఆమె ఎవరి ఖాతాలోనూ పూర్తిగా నిలవదు. చివరి రెండు విడతలూ ఆమె ఇల్లు మారే ఘడియల్లోనే పడేలా ఎవరో ముహూర్తం పెట్టినట్టుంది. తల్లీబిడ్డల కార్డు చూపితే ఎక్కడైనా టీకా వేస్తారన్నది, మేనరికాల్లో రెండిళ్లూ ఒకే ఊళ్లో ఉండొచ్చన్నది నిజమే; కానీ టీకా దొరకడం వేరు, విడత సొమ్ము అందడం వేరు.

2022 ఏప్రిల్ నుంచి అమలైన మాతృ వందన రెండో రూపం, రెండో కాన్పును వదిలేసిన తప్పును దిద్దిందని కొందరి మాట. తొలి బిడ్డకు 3,000, 2,000 చొప్పున రెండు విడతలు; రెండో బిడ్డ ఆడపిల్లయితే ఒకేసారి 6,000. ఈ షరతులోని తర్కాన్ని విప్పి చూడాలి. పుట్టబోయేది ఆడో మగో ముందే చెప్పడం 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం నేరం. కాబట్టి బిడ్డ ఆడా మగా అన్నదానిపై ఆధారపడిన సాయం కాన్పుకు ముందు చేతికందే అవకాశమే లేదు. కూలి మాని పడుకోవలసిన నెలల్లో రెండోసారి గర్భిణి అయిన తల్లికి ఈ పథకం నుంచి దక్కేది సున్నా. మగపిల్లవాడు పుడితే ఆ తరువాతా సున్నాయే. ఆడశిశువును కాపాడాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. దాని ఖర్చు మాత్రం గర్భిణి రక్తహీనత నుంచి వసూలవుతోంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన ముంగిటే ఉంది. మాతృ వందన అమలు కాని తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్ రెండు కాన్పులకూ వర్తించింది. మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000. అందులో 3,000 ప్రసవానికి ముందే ఇవ్వాలని నిబంధన. తమిళనాడు కూడా ముత్తులక్ష్మీ రెడ్డి పేరిట నడిచే పథకంలో రెండు కాన్పులకు సాయం చేస్తోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రభుత్వ ఆసుపత్రుల ప్రసవాలు 2015-16లో 30.5 శాతం, 2019-20 నాటికి 49.7 శాతం. ఆ పెరుగుదలకు కేసీఆర్ కిట్‌లోని నగదే కారణమని చాలామంది అంటారు. నా దృష్టిలో అసలు కారణం అది రెండో కాన్పును గుర్తించడమే. 

కాబట్టి చేయవలసింది స్పష్టం. సాయాన్ని కాన్పు వరుసతో, బిడ్డ ఆడా మగా అన్న తేడాతో ముడిపెట్టకూడదు. అందులో పెద్ద వాటా ఏడో నెల లోపే, ఆమె అత్తగారింట ఉండగానే, ఆమె సొంత ఖాతాలో పడాలి. మిగతాది ఏ ఊరి ఏఎన్ఎం ధ్రువీకరించినా చెల్లాలి. ఇది ఒక్క ప్రసూతి సాయానికి పరిమితమైన సంగతీ కాదు. రేషన్ కార్డు మొదలు ఇళ్ల స్థలాల దాకా మన సంక్షేమ వ్యవస్థ అంతా ఆడదానికి ఒకే ఇల్లు ఉంటుందన్న ఊహ మీద లేచింది. తెలుగు ఆడకూలీ బతుకు రెండిళ్ల మీద నడుస్తుందని ఒప్పుకోని పథకం, 5,000 ఇచ్చినా 15,000 ఇచ్చినా, ఆమెకు చేరే పథకం కాలేదు.