కంప్యూటర్ కిటికీకి గట్టు ఎటు పోయింది?

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

డిగ్రీ ఫస్టియర్‌లో మొదటిసారి ల్యాబ్‌కి పోయిన రోజు. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోమన్నారు, ఒకదాంట్లో ప్రోగ్రామ్, ఇంకోదాంట్లో నోట్సు. అంచు పట్టుకుని లాగితే విండో చిన్నదవుతుందంట. నాకేమో ఆ అంచు దొరకదు. వెంట్రుక మందం గీత. ఒకసారి లోపల క్లిక్ అయ్యేది, ఇంకోసారి వెనకున్న విండో ముందుకొచ్చేది. "మౌస్ పట్టుకోవడం కూడా రాదా" అన్నారు. పక్కనోళ్లు నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు ఒకటి మూసి ఒకటి తెరిచి పని చేసుకున్నా గానీ మళ్లీ అంచు జోలికి పోలేదు. తప్పు నా చేతిదే అనుకున్నా. వెతికి చదివాక అర్థమైంది, ఆ గీతకు దగ్గర దగ్గర యాభై ఏళ్ల కథ ఉంది.

అమెరికాలో జిరాక్స్ కంపెనీకి పాలో ఆల్టోలో ఒక పరిశోధన కేంద్రం ఉండేది. 1973లో అక్కడ ఆల్టో అనే కంప్యూటర్ తయారైంది. బల్ల మీద కాగితాలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నట్టు తెర మీద కిటికీలు కనపడటం అక్కడే, అలన్ కే బృందం చేసిన స్మాల్‌టాక్‌లో. సైజు మార్చాలంటే మెనూలోంచి ఆజ్ఞ ఎంచుకోవాలి. అదే జిరాక్స్ 1981లో అమ్మకానికి తెచ్చిన స్టార్‌లో మాత్రం కిటికీలు మామూలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కవు, పక్కపక్కన పరుచుకుంటాయి. ఆల్టో వాడేవాళ్లు కిటికీలు సర్దుకోవడానికే ఎక్కువ టైము పెడుతున్నారని చూసి అట్లా చేశారు. మనకు ల్యాబ్‌లో వచ్చిన కష్టం వాళ్లకు అప్పుడే వచ్చిందన్నమాట.

1984లో యాపిల్ మకింతోష్ వచ్చింది. దాంట్లో కిటికీ సైజు మార్చాలంటే ఒక్కటే చోటు, కింద కుడి మూల. అక్కడ చిన్న పెట్టె గుర్తు ఉండేది. ఆ మూల తెర కిందికి జారిపోతే ముందు కిటికీని పైకి జరుపుకోవాలి, అప్పుడే దొరుకుతుంది. ఇబ్బందే. కానీ ఎక్కడ పట్టుకోవాలో కంటికి కనపడేది. 1985 నవంబర్‌లో వచ్చిన విండోస్ మొదటి వెర్షన్‌లో కిటికీలు పక్కపక్కనే పరుచుకునేవి. 1987లో వచ్చిన రెండో వెర్షన్ నుంచి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, నాలుగు పక్కలా మందమైన అంచు వచ్చింది. ఏ పక్కనైనా పట్టి లాగొచ్చు. యాపిల్ 1988లో కోర్టుకెక్కింది, అది వేరే కథ. 1992 నాటి విండోస్ 3.1లో అయితే కంట్రోల్ ప్యానెల్‌లో అంచు మందానికి ఒక అంకె ఉండేది. కావాలంటే పెంచుకోవచ్చు. నాకు ఈ సంగతి చదివినప్పుడు కోపమే వచ్చింది. ముప్పై ఏళ్ల కింద ఉన్న సౌకర్యం నాకెందుకు లేదు?

అంచు మందానికి ఇంత లెక్క ఎందుకంటే, 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే టైము రెండిటి మీద ఉంటుంది, గురి ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దదుంది. 1978లో పాలో ఆల్టో వాళ్లే ఇది మౌస్‌కి కూడా వర్తిస్తుందని పరీక్షించి చూపించారు. ఇప్పుడు కిటికీ అంచు చూడండి. అది జానెడు పొడుగున్నా లాభం లేదు, మనం దానికి అడ్డంగా వస్తాం గదా, దాని మందమే లెక్క. మందం తగ్గేకొద్దీ చెయ్యి మెల్లగా, జాగ్రత్తగా పోవాలి. అరిగిపోయిన ల్యాబ్ మౌస్‌తో ఇంకా కష్టం.

2007లో విస్టా వచ్చినప్పుడు అంచు అద్దం లాగా మెరిసేది, మందంగానే ఉండేది. 2012లో విండోస్ 8తో మెరుపులు పోయాయి. మందం మార్చుకునే సెట్టింగుల పెట్టె కూడా పోయింది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి కంటికి కనపడేది ఒక్క పిక్సెల్ గీత. అసలు విషయం ఇక్కడుంది. అంచు నిజానికి పోలేదు! ఆ గీతకి బయట ఏడెనిమిది పిక్సెళ్ల వెడల్పున పట్టుకునే చోటు అట్లాగే ఉంది, రంగు లేకుండా. అంటే పట్టుకోవాల్సింది గీతను కాదు, గీత పక్కనున్న ఖాళీని. నేను గీత మీద, గీత లోపల గురిపెట్టి కొడుతూ కూర్చున్నా.

యాపిల్ కూడా 2011లో లయన్ వెర్షన్‌తో ఏ పక్క నుంచైనా లాగే వీలు ఇచ్చింది, ఇరవై ఏడేళ్లకి. ఇచ్చి, మూలనున్న గుర్తు తీసేసింది. బాణం రూపం మారితేనే తెలుస్తుంది అంచు వచ్చిందని.

చూడటానికి శుభ్రంగా ఉండాలని, లోపలి పనికి చోటు మిగలాలని ఇట్లా చేసి ఉంటారు. పాత విండోస్ వాడినోళ్లకు ఇబ్బంది లేదు. అక్కడ అంచు ఉంటుందని వాళ్ల చేతికి ముందే తెలుసు. పొలం గట్టు దున్నేసినా ఊళ్లో పెద్దోళ్లు "ఇదిగో ఇక్కడిదాకా మనది" అని చూపించినట్టు. మా ఇంట్లో మాత్రం కంప్యూటర్ ముట్టుకున్న మొదటి మనిషిని నేనే. మా నాయిన చేతికి వచ్చింది ఫోన్, నేను నేర్చుకున్నదీ ఫోన్ మీదే. ఫోన్‌లో యాప్ తెరంతా పరుచుకుంటుంది, దానికి అంచు పట్టి లాగే పనే లేదు. మన గ్రూపులో చాలామందిది ఇదే దారి అనుకుంటా.

మౌస్‌తో దొరకనోళ్లకి ఒక పాత దారి ఇంకా పనిచేస్తుంది. ఆల్ట్, స్పేస్ బార్ కలిపి నొక్కండి, చిన్న మెనూ వస్తుంది. ఎస్ నొక్కండి. తర్వాత బాణం గుర్తుల బటన్లతో కిటికీని చిన్నది, పెద్దది చేసి ఎంటర్ కొట్టండి. మెనూలో ఎస్ పనిచేయకపోతే కిటికీ తెరంతా పరుచుకుని ఉందని అర్థం, ముందు దాన్ని తగ్గించుకోండి. రెండు కిటికీలు సగం సగం కావాలంటే విండోస్ బటన్, ఎడమ బాణం చాలు, ఇది విండోస్ 7 నుంచి ఉంది.

మొన్న హాస్టల్‌లో ఫస్టియర్ తమ్ముడికి ఇది చూపించా. రెండుసార్లు చేసి, మూడోసారి మౌస్‌తో గీత పక్కన ఖాళీలో పట్టుకుని లాగాడు. కిటికీ జరిగింది. "అన్నా, ఇక్కడ ఉందని ఒక రంగు వేస్తే వాళ్ల సొమ్మేం పోయింది?" అన్నాడు.