ఆ ఆదివారానికి ముందు

ఇంజనీరింగ్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్ష కోసం బట్టీపట్టిన సంఖ్య ఒకటి నాకింకా గుర్తుంది: 5.67 × 10⁻⁸. వేడి వస్తువు వెదజల్లే శక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుందని చెప్పే సూత్రంలోని స్థిరాంకం అది. దాని వెనక మనుషులుంటారన్న ఆలోచన అప్పుడు రాలేదు. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేశాక, సరదాగా క్వాంటం సిద్ధాంతం చరిత్ర చదువుతుంటే మళ్ళీ ఆ వేడి దగ్గరికే వచ్చి పడ్డాను.

మనందరం విన్న కథ ఇది. పాత భౌతికశాస్త్రం ప్రకారం లెక్కేస్తే అతినీలలోహిత కిరణాల వైపు శక్తి అనంతమైపోతోంది. ఆ విపత్తు నుంచి గట్టెక్కించడానికి ప్లాంక్ క్వాంటం ఊహ చేశాడు. కథ బానే ఉంది కానీ, జరిగింది అది కాదు. 'అతినీలలోహిత విపత్తు' అన్న పేరు 1911లో ఎరెన్‌ఫెస్ట్ పెట్టింది. 1900లో ప్లాంక్‌ని కుదిపిన తేడా రెండో చివర్లో, పరారుణ కిరణాల్లో బయటపడింది. దాన్ని పట్టుకున్నది వేడిని కొలిచేవాళ్ళు.

వాళ్ళు పనిచేసింది బెర్లిన్ పక్కన షార్లోటెన్‌బుర్గ్‌లో, 1887లో మొదలైన ప్రభుత్వ కొలతల సంస్థలో. గ్యాస్ దీపాలు, కరెంటు దీపాలు పోటీపడుతున్న రోజులవి. ఏది ఎంత వెలుగిస్తుందో తేల్చడానికి నమ్మకమైన ప్రమాణం కావాలి. అందుకు కృష్ణవస్తువు పనికొస్తుంది. పట్టపగలు వీధిలోంచి చూస్తే, సున్నం వేసిన ఇంటి కిటికీ కూడా నల్లగానే కనిపిస్తుంది కదా. లోపలికెళ్ళిన వెలుగు గోడల మధ్యే తిరిగి ఇంకిపోతుంది. అదే పద్ధతిలో 1898లో లూమర్, కుర్ల్‌బౌమ్ కరెంటుతో వేడెక్కే ప్లాటినం గొట్టం చేశారు. దాని చిన్న రంధ్రంలోంచి వచ్చే వికిరణాన్ని కొలవడమే పని.

అప్పటికి వీన్ 1896లో ఇచ్చిన సూత్రం చలామణిలో ఉంది. ప్లాంక్ దాన్ని నమ్మడమే కాదు, సైద్ధాంతికంగా సమర్థించాడు కూడా. లూమర్, ప్రింగ్స్‌హైమ్ కొలతల్లో మాత్రం తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ తేడా వస్తోంది. మా ఆఫీసులో ఇలాంటి చిన్న తేడా వస్తే "ఇంకోసారి రన్ చెయ్, పోతుంది" అంటాం. వాళ్ళు మళ్ళీ మళ్ళీ కొలిచారు, తేడా పోలేదు. తర్వాత రూబెన్స్, కుర్ల్‌బౌమ్ ఇంకా ముందుకెళ్ళారు. కిరణాల్ని రాతి ఉప్పు స్ఫటికాల మీద పదేపదే పరావర్తనం చేయించి, 51 మైక్రాన్ల దగ్గరున్నవాటిని వేరుచేశారు. వీన్ సూత్రం నిజమైతే, వేడి పెంచుతూపోతే అక్కడ తీవ్రత ఒక హద్దు దగ్గర ఆగిపోవాలి. ఆగలేదు. ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతూపోయింది.

1900 అక్టోబర్ 7, ఆదివారం. రూబెన్స్ భార్యతో కలిసి ప్లాంక్ ఇంటికెళ్ళి, మాటల్లో ఈ సంగతి చెప్పాడు. ఆ సాయంత్రమే ప్లాంక్ రెండు చివర్లకీ సరిపోయే కొత్త సూత్రం రాసుకున్నాడు. 19న సభలో ప్రకటించాడు. ఆ సూత్రం ఎందుకు సరిపోతోందో వివరించడానికే శక్తిని విడి పొట్లాలుగా లెక్కపెట్టాల్సి వచ్చింది. డిసెంబర్ 14న చదివిన పత్రం అదే.

ప్లాంక్ గొప్పతనం ఇందులో తగ్గేదేమీ లేదు. కానీ విపత్తు కథలో ఒక మేధావి, ఒక బల్ల, ఒక ఊహ తప్ప ఇంకేం మిగలవు. ప్లాటినం గొట్టం, రాతి ఉప్పు, తేడాని వదిలెయ్యని నలుగురు మనుషులు మాయమైపోతారు. నా పాఠ్యపుస్తకంలో వాళ్ళ పేర్లు లేవు. నేను బట్టీపట్టిన 5.67ని ప్లాంక్ స్థిరాంకం నుంచి రాబట్టొచ్చన్న సంగతి కూడా అప్పుడెవరూ చెప్పలేదు. చెప్పుంటే, ఆ సంఖ్యని కనీసం మర్యాదగా చూసేవాణ్ణి.