కోటకొమ్మ దగ్గర రెండో మనిషి

లేసు అల్లికలో ఆకు ఎలా రూపుకడుతుందో గమనించారా? సూదిమీద దారాన్ని ఒక చుట్టు అదనంగా వేస్తే కన్నం ఏర్పడుతుంది. పక్కనే రెండు కుట్లను కలిపి ఒకటిగా తీస్తే వెడల్పు మళ్ళీ సరిపోతుంది. ఆ కన్నాన్ని వరుసవరుసకూ కొంచెం జరుపుతూ పోతే ఆకు అంచు తీరుతుంది. గద్వాల చీరలోని కోటకొమ్మ కూడ ఇటువంటి జరుపుడుతోనే పుడుతుంది. అయితే ఇక్కడ జరిగేది కన్నం కాదు, అతుకు.

గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. (ఇప్పుడు పూర్తి పట్టువీ నేస్తున్నారు గాని, నా మనసు నూలుచీర మీదనే.) ఒకే పేకను ఈ కొసనుంచి ఆ కొసకు నడిపితే ఒంటి రంగు అంచులోకి పాకి, అంచు మసకబారుతుంది. అందుకని మూడు నాడెలు: ఒంటికి ఒకటి, అంచులకు చెరొకటి. ప్రతి పేకలోనూ ఒంటి పోగును అంచు పోగుతో మెలివేయాలి. దీనినే కుప్పడమనీ, తిప్పడమనీ అంటారు. ఆ మెలిక పడే చోటును కొన్ని పోగులు లోపలికీ, తిరిగి వెలుపలికీ జరుపుతూ పోతే గోపురంవంటి కొమ్మ లేస్తుంది.

ఇది ఒక్కరివల్ల సాగే పని కాదు. మగ్గంమీద నేతగాడి పక్కన మరొకరు కూర్చుని నాడె అందుకోవాలి. తరచు ఆ మనిషి ఇంటి ఇల్లాలే.

2016లో జిల్లాలు విడివడ్డాక వనపర్తి కిందికి పోయిన అమరచింత, కొత్తకోటలలోనూ ఈ నేత ఉంది; పేరు మాత్రం గద్వాలదే. సంస్థానం కాలంనుంచీ ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు తిరుమలకు చేరే జోడు పంచెలకూ కోటకొమ్మ అంచే. ఆ కథ చెప్పేటప్పుడు సంస్థానాధీశులను తలుస్తాము, నేతగాళ్ళ వ్రతనిష్ఠను తలుస్తాము. నాడె అందుకున్న చేతిని తలచినవారు నాకు కనబడలేదు.

ఈ సందర్భంలో నరసాపురం గుర్తుకు రాక మానదు. 19వ శతాబ్దంలో మిషనరీల వెంట గోదావరి తీరానికి వచ్చిన లేసు, అక్కడి ఆడవాళ్ళ చేతులమీదుగా విదేశాలకు ఎగుమతి అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపూ దక్కింది. కాని 1982లో మరియా మీస్ ఆ పనివారిమీద పుస్తకం వెలువరించినప్పుడు ఎత్తిచూపినది వేరు. వారిని గృహిణులన్నారు, వారి పనిని తీరికవేళ కాలక్షేపమన్నారు. కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ పేరే ఆధారమయిందని ఆమె వాదన.

గద్వాలలో ఎవరూ దానిని కాలక్షేపమనరు. అసలు దానికి వేరే పేరే పెట్టరు, ‘సాయం’ అంటారు. షావుకారు కూలి కట్టేది చీరకింత అని. మగ్గం దగ్గర ఎందరు కూర్చున్నారని కాదు.