దుమ్ము దులపాలి, గొంతు తుడిచేయకూడదు

పాత పాటల సీడీల మీద, ఫోన్లో పాటల పేర్ల పక్కన 'రీమాస్టర్డ్' అనే మాట మనం తరచుగా చూస్తుంటాం. అంటే ఎవరో మళ్ళీ పాడారని కాదు. అసలు టేపు నుంచి గానీ, అది లేకపోతే పాత రికార్డు నుంచి గానీ పాటను కంప్యూటర్లోకి ఎక్కించి, గరగర తగ్గించి, మళ్ళీ విడుదల చేశారని అర్థం.

ఈ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం చరిత్ర చూడాలి. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ఫ్రెడ్ గైస్‌బర్గ్ రికార్డు చేశాడు. అప్పటికి రికార్డింగుకు మైకు లేదు. పెద్ద బూర లోపలికి గట్టిగా పాడాలి. లక్క కలిపి చేసిన ఆ ప్లేటు నిమిషానికి సుమారు 78 చుట్లు తిరిగేది, ఒక వైపు 3 నిమిషాల పాటే పట్టేది. 1925 నుంచి మైకుతో రికార్డు చేయడం మొదలైంది. 1948లో ఎల్పీ, 1982లో సీడీ వచ్చాయి. ముల్లు తిరిగేకొద్దీ ప్లేటు అరిగిపోతుంది. టేపులో అయితే 'ఉస్స్' అని చప్పుడు ఉంటుంది. వాటిని తగ్గించడానికే ఈ పని.

కానీ ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మన స, శ, ష అక్షరాల ధ్వనిలో ఎక్కువ పౌనఃపున్యాలు ఉంటాయి. 'ఉస్స్' చప్పుడు కూడా అక్కడే బాగా వినిపిస్తుంది. దాన్ని పూర్తిగా తుడిస్తే అక్షరాల పదును కూడా పోతుంది. రెండోది, శబ్దం పెంచడం. సీడీలో శబ్దానికి ఒక పై హద్దు ఉంది. మెల్లగా పాడిన చోటును కూడా ఆ హద్దు దగ్గరికి తీసుకుపోతే, మెల్లగా పాడినదానికీ గట్టిగా పాడినదానికీ తేడా తెలియదు. 1990ల్లో బాగా పెరిగిన ఈ పోటీకి 'లౌడ్‌నెస్ వార్' అని పేరు.

జాగ్రత్తగా చేసినవాళ్ళూ ఉన్నారు. లండన్‌లోని అబీ రోడ్ స్టూడియో ఇంజనీర్లు నాలుగేళ్ళు పనిచేసి, 2009 సెప్టెంబరు 9న బీటిల్స్ ఆల్బములను మళ్ళీ తెచ్చారు. మొత్తం 525 నిమిషాల సంగీతంలో చప్పుడు తగ్గించే సాధనాన్ని 5 నిమిషాల లోపే వాడారట. స్టీరియోతో పాటు పాత మోనోను కూడా విడిగా ఇచ్చారు.

ఇది మనకెందుకంటారా? మా హోసూరులో బడి దాటితే తమిళం, కన్నడం వినిపిస్తాయి. మంచి తెలుగు పలుకుబడి మాకు ఇంట్లో పెద్దల నుంచి, పాటల నుంచి రావాలి. ఘంటసాల పాడిన కరుణశ్రీ 'పుష్పవిలాపం' వింటే ఏ అక్షరం ఎలా పలకాలో చెవికే తెలిసిపోతుంది. అలాంటి రికార్డులో శ, ష అణిగిపోతే మాకు పాఠం పోయినట్టే.

అందుకే కొత్తది కొన్నామని ఇంట్లోని పాత ప్లేట్లు, క్యాసెట్లు పాతసామాన్లవాడికి వేయకండి. రేపు ఇంకా మంచి సాధనాలు రావచ్చు. వాటితో పని చేయాలన్నా అసలుది ఉండాలి కదా!