మన తండా బొంతల్లో దాగిన చరిత్ర



మన గ్రూపులో చరిత్ర మీద చాలా పోస్టులు వచ్చినయ్. కొమురం భీం మీద, రాంజీ గోండు మీద, సేవాలాల్ మహరాజ్ మీద ఎవరెవరో రాసిన్రు, అన్నీ చదివిన. నేను ఈరోజు రాసేది బొంత గురించి. నవ్వకుండ్రి, కొంచెం ఓపిగ్గా చదవండి. మాది జహీరాబాద్ దగ్గర తండా. మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చిన మొదటిదాన్ని నేనే. హాస్టల్‌కు వచ్చేటప్పుడు మా యాడి పెట్టెలో బట్టలతో పాటు ఒక బొంత పెట్టింది. అది పాత బట్టల మూట అనుకునేటోళ్లు హాస్టల్లో ఉన్నరు. దాంట్ల ఏముందో చెప్పాలనే ఈ పోస్టు.

ముందు పని ఎట్ల జరుగుతదో చెప్తా. దసరా దాటినంక, చెరుకు కొట్టేందుకు వలస పోయే లోపల, మా తండాల శనివారం ఆదివారం ఇదే పని. చిరిగిన నూలు చీరెలు, మా బాపు ధోతులు, పిల్లల అంగీలు ఉతికి ఆరేస్తరు. గట్టిగున్న ముక్క ఒక దిక్కు, నలిగిన ముక్క ఒక దిక్కు. నలిగినవి లోపలి పొరలకు, గట్టివి పైకి. నాలుగైదు పొరలు నేల మీద పరిచి, మూలలకు రాళ్లు పెట్టి, అంచు నుంచి లోపలికి కుట్టుకుంట వస్తరు. ఒక్కో అంచున ఒకరు కూసుంటరు. చూపు ఆనని దాదికి సూదిలో దారం ఎక్కించుడు పిల్లల పని. మా తమ్ముడు కూడా అదే చేసిండు, మగపిల్లగాడని ఎవరూ వద్దనలేదు. దారం కొనకుండా పాత చీరె అంచు నుంచి లాగుతరు. మిగిలిన పేలికలు కూడా పారెయ్యరు. నీళ్ల బిందె కింద చుట్టకుదురు, రొట్టెలు కట్టుకునే గుడ్డ, చంటిపిల్ల పొత్తిగుడ్డ అయితయ్. చివరికి ఇంట్ల చెత్తలో పడేది ఏమీ ఉండదు.

దీన్ని లేనితనం అంటరు. లేనితనం ఉన్నమాట నిజమే, నేను దాచను. కానీ ఈ పని మనకు లేనితనం కంటే ముందే వచ్చింది.

తండా అనే మాటకు మొదట ఊరు అని అర్థం లేదు. సరుకు మోసే ఎడ్ల గుంపుతో కదిలే బిడారమే తండా. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచ్ వజ్రాల వ్యాపారి టావెర్నియే మన బిడారాలను చూసి రాసిండు. ఒక్కో గుంపులో 10 వేలు, 12 వేల ఎడ్లు ఉండేవని, ధాన్యం, బియ్యం, పప్పులు, ఉప్పు మోసేవని, ఒక్కో సరుకుకు ఒక్కో వర్గం ఉండేదని ఆయన రాతల్లో ఉంది. మొగలు సైన్యాలు దక్కనుకు వచ్చినప్పుడు వాటికి తిండి చేర్చింది మన పెద్దలే. 1803లో మరాఠాలతో యుద్ధం చేసిన ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ కూడా తన సైన్యం ధాన్యం కోసం బంజారాల మీద ఆధారపడిండు.

ఇప్పుడు ఆలోచించండి. ఏడాదిలో ఎక్కువ నెలలు నడిచే కుటుంబానికి ఇల్లు ఎక్కడుంటది? ఎద్దు వీపు మీద. పెట్టెలు, మంచాలు, బీరువాలు పనికిరావు. మడిచి ఎద్దు మీద వేస్తే పరుపు అయ్యేది, రాత్రి కప్పుకుంటే దుప్పటి అయ్యేది, వానొస్తే మూట మీద కప్పేది కావాలె. ఒకే గుడ్డ నాలుగు పనులకు రావాలె. చిరిగితే దారిలోనే బాగు చేసుకోవాలె, అడవిలో దర్జీ దొరకడు. పైసలు కూడా ఒంటి మీదనే ఉండాలె. అందుకే ఫేట్యాకు, కాంచ్ళికి గవ్వలు, నాణేలు, అద్దాలు కుట్టిన్రు. గవ్వలు ఒకప్పుడు మన దేశంలో చెల్లిన డబ్బే. అందం కోసం కుట్టిన్రు, నిజమే. కానీ ఆడామె దగ్గర ఉన్న సొత్తు ఆమె కంటి ముందు, ఆమె ఒంటి మీదనే ఉండేది.

తర్వాత రైలు వచ్చింది. 1874లో నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా రైలు నడిచింది. వేల ఎడ్లు నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో చేర్చింది. ఉప్పు, ధాన్యం బేరం మన చేతుల్లోంచి పోయింది. అదే కాలంలో, 1871లో, బ్రిటిషోళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చిన్రు. బేరం పోయి తిరుగుతున్న జనాన్ని అనుమానితులుగా చూసిన్రు. మన గుంపులు కొన్ని కూడా ఆ చట్టం కిందికి వచ్చినయ్. పుట్టుకతోనే నేరస్థుడు అనే ఆ ముద్రను స్వతంత్రం వచ్చినంక 1952లో గానీ తీసెయ్యలేదు. బిడారాలు ఆగిపోయి, గుట్టల పక్కన, అడవి అంచున, ఊరికి దూరంగా తండాలు వెలిసినయ్. హైదరాబాద్‌లో ఇయ్యాల కోటీశ్వరులు ఉండే బంజారాహిల్స్ పేరు కూడా అక్కడున్న మనోళ్ల పేరే.

ఎడ్ల మూటలు పోయినయ్ కానీ కుట్టే చెయ్యి పోలేదు. కూలికి పోయే చోటికి, చెరుకు తోటల గుడిసెకు మళ్లా అదే బొంత పోయింది. మా యాడి బొంత కూడా కర్ణాటక ఫ్యాక్టరీల దాకా పోయి వచ్చిందే.

మా జహీరాబాద్ సంగతి ఇంకొకటి ఉంది. 1956 నవంబర్ 1కి ముందు మా తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషను బట్టి మూడు ముక్కలు చేసినప్పుడు బీదర్ అటు మైసూరుకు పోయింది, జహీరాబాద్ ఎక్కువ భాగం ఇటు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. చుట్టాలు రెండు రాష్ట్రాల్లో పడ్డరు. తెలంగాణ లంబాడీలు 1976 చట్టంతో ఎస్టీ జాబితాలోకి వచ్చిన్రు. నా హాస్టల్ సీటు, నా స్కాలర్‌షిప్ దాని పుణ్యమే. సుమారు 30 కిలోమీటర్ల అవతల బీదర్‌లో ఉన్న మా మేనత్త పిల్లలు ఎస్సీ. మహారాష్ట్రలో మనోళ్లు విముక్త జాతి. సర్టిఫికెట్లు మూడు రకాలు, బోలి ఒకటే, కుట్టు ఒకటే. మేనత్త కుట్టిన సంచి, మా యాడి కుట్టిన సంచి పక్కపక్కన పెడితే ఏది ఏ రాష్ట్రానిదో ఎవరూ చెప్పలేరు.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. మన గురించి టావెర్నియే రాసిండు, సైన్యాధికారులు రాసిన్రు, పోలీసులు రాసిన్రు. మన ఆడోళ్లు రాసుకున్నది మాత్రం గుడ్డ మీదనే ఉంది. దాన్ని చదవొచ్చు కూడా. పాత కాంచ్ళి మీద నాణెం చూడండి. చార్మినార్ బొమ్మ ఉంటే నిజాం హాలీ సిక్కా. "నయే పైసే" అని ఉంటే 1957 నుంచి 1964 లోపలి నాణెం, అంటే అది కుట్టింది 1957కు ముందు కాదు. నాణేన్ని పాత బట్ట నుంచి తీసి కొత్త దానికి కూడా కుడతరు కాబట్టి, అన్నిటికంటే కొత్త నాణేన్ని లెక్కలోకి తీసుకోవాలె. బొంత పొరలు కూడా అట్లనే. లోపల నూలు ఉండి పైన పాలిస్టర్ వచ్చిందంటే ఇంట్ల బట్ట ఎప్పుడు మారిందో తెలుస్తది. చక్కెర బస్తా ముక్క దొరికితే ఆ కుటుంబం ఎక్కడ పని చేసిందో తెలుస్తది.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. పాత ఫేట్యాలు, కాంచ్ళిలు ఇయ్యాల స్టీలు గిన్నెలకు పోతున్నయ్. తండాకు వచ్చేటోళ్లు పాత బట్టలు తీసుకొని గిన్నె చేతిలో పెడుతరు. మా దాది పెళ్లి కాంచ్ళి అట్లనే ఒక డబ్బాకు పోయింది. కుట్టినామె పేరు దానితో పాటు పోదు. పట్నం దుకాణాల్లో అటువంటి ముక్కలు దిండు గలీబులై, సంచులై ఎక్కువ ధరకు అమ్ముడుపోతయ్.

వేరే దారి కూడా ఉంది. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు అక్కడి ఆడోళ్లు కుట్టిన 1,755 వస్తువులు ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు ఎక్కించిన్రు. మా జహీరాబాద్‌లోనే చూడండి. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్లు, ఎక్కువ మంది దళిత అక్కలు, పాత జొన్న, కొర్ర విత్తనాలను బూడిద, వేపాకు వేసి బుట్టల్లో దాచిన్రు. 2008 అక్టోబర్ 15న మాచనూరులో సొంత రేడియో పెట్టుకొని వాళ్ల మాట వాళ్లే చెప్పుకున్నరు. 2019లో వాళ్లకు ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఇంట్ల దాచుడు, పొదుపు చేసుడు చిన్న పని అనుకున్నోళ్లకు అదే జవాబు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. వచ్చే శనివారం ఆదివారం ఇంటికి పోయేటోళ్లు ఫోన్‌లో ఒక గంట దీనికి ఇవ్వండి. ఇంట్ల ఉన్న పాత గుడ్డ ఫొటో తీయండి, ముందు దిక్కు, వెనక దిక్కు రెండూ. కుట్టినామె పేరు, ఆమె పుట్టిన తండా, ఎప్పుడు కుట్టింది, ఆ కుట్టును మన బోలిలో ఏమంటరో రాసుకోండి. ఆమె మాట రికార్డు చేయండి. కోయ, గోండు, ఎరుకల తమ్ముళ్లు చెల్లెళ్లు మీ ఇంటి బుట్ట, చాప, గుడ్డ ఏదున్నా అదే చేయండి. సూది పట్టేటోళ్లు ఉంటే ఆ రెండు రోజులు పక్కన కూసొని ఒక కుట్టు నేర్చుకోండి. నేను ఇప్పటిదాకా మూడు నేర్చుకున్న. మా యాడికి ఎన్ని వచ్చో ఇంకా లెక్క తేలలేదు.

గిన్నెలోళ్లు తండాకు వచ్చేలోపల ఈ పని కావాలె.